ఫోన్ సర్వీస్ ఐడియాకి పేటెంట్ వస్తుందా? ముందే తేల్చుకోవడం ఎలా?

ఐడియా కొత్తదైతే చాలదు. ఆ రంగంలో పనిచేసే మామూలు ఇంజినీరుకి ఇట్టే తట్టేది కాకూడదు. 1970 నాటి మన పేటెంట్ చట్టం, సెక్షన్ 2(1)(జెఎ)లో దీన్నే ఇన్వెంటివ్ స్టెప్ అంటారు. ఫీజులు కట్టకముందే ఇది చాలావరకు మీరే చూసుకోవచ్చు.

రైతు మిస్డ్ కాల్ ఇస్తే సిస్టమ్ తిరిగి ఫోన్ చేసి గుంటూరు యార్డులో ఆరోజు మిర్చి రేటు చెబుతుందనుకుందాం.

1. ఐడియాను ఒక్క వాక్యంలో రాయండి. "రైతులకు మేలు చేసే సర్వీస్" అని రాస్తే కుదరదు. ఏ కాల్ వస్తే ఏ మెషీన్ ఏం చేస్తుందో రాయాలి.

2. దాన్ని ముక్కలు చేసి వెతకండి. మిస్డ్ కాల్ గుర్తించడం, తిరిగి కాల్ చేయడం, రికార్డు చేసిన గొంతు వినిపించడం: ఒక్కోదానికి ఇన్‌పాస్‌లో (మన పేటెంట్ ఆఫీసు ఉచిత సెర్చ్ సైటు), గూగుల్ పేటెంట్స్‌లో వెతకండి. పాత మాన్యువల్స్, సెమినార్ పేపర్లు, జనం వాడుతున్న సర్వీసులు కూడా లెక్కలోకి వస్తాయి. దరఖాస్తులు సాధారణంగా 18 నెలల దాకా బయటపడవు కాబట్టి, ఇవాళ కనిపించలేదని ధీమా పడొద్దు.

3. ఆ ముక్కల్ని కలపాలని ఎవరికైనా తోస్తుందా? అసలు తేలేది ఇక్కడే. తెలిసిన భాగాలు తమ పాత పనే చేస్తూ, ఊహించిన ఫలితమే ఇస్తే అది పేటెంటుకు నిలవడం కష్టమని అమెరికా సుప్రీంకోర్టు 2007లో కేఎస్ఆర్ కేసులో చెప్పింది. పాత్రల తయారీ పరికరం కేసులో మన సుప్రీంకోర్టు కూడా, వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే మెరుగుదలకి పేటెంట్ లేదని 1978లోనే తేల్చింది. మన మిర్చి సర్వీసు ఇక్కడే ఆగిపోతుంది. మిర్చి బదులు పత్తి పెట్టినా అంతే.

అదే, వేలం మొదలవగానే వేల కాల్స్ వచ్చి లైన్లు జామ్ అవుతున్నాయనుకోండి. అందరూ లైన్లు పెంచుతుంటే, మీరు కాల్ కలవకముందే సిగ్నలింగ్‌లోనే, అంటే కాల్ కలపడానికి ఫోనూ నెట్‌వర్కూ పంపుకునే సందేశాల్లోనే, రేటు చేరవేశారు. ఇందులో కొంత పస ఉంది. అయినా, స్టార్, హ్యాష్ నొక్కి బ్యాలెన్స్ చూసుకునే యూఎస్ఎస్‌డీ ఆ పని ఎప్పటినుంచో చేస్తోందని, దరఖాస్తు పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ అడ్డు చెప్పొచ్చు. దానికీ మీదానికీ సాంకేతికంగా తేడా ఏమిటో చూపించగలగాలి.

4. జవాబు తెలిశాక వెనక్కి చూస్తే ప్రతిదీ సులువుగానే కనిపిస్తుంది. అలా చూడకూడదని ఢిల్లీ హైకోర్టు 2015లో రోష్, సిప్లా అనే మందుల కంపెనీల కేసులో హెచ్చరించింది. అందుకే తెలిసిన టెలికాం ఇంజినీరుకి సమస్య మాత్రమే చెప్పండి, జవాబు చెప్పకండి. ఆయన కాసేపట్లో మీ దారికే వస్తే అది మంచి సూచన కాదు. దరఖాస్తు వేసేదాకా మీ పరిష్కారాన్ని వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టొద్దు. బయటపెడితే కొత్తదనమే పోవచ్చు.

5. సెక్షన్ 3(కె) కూడా చూడండి. వ్యాపార పద్ధతికి, ఉత్త సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ ఇవ్వరు.

ఇవన్నీ దాటాక కూడా పాతవాటికీ మీదానికీ ఉన్న తేడాను కాగితం మీద పెట్టగలిగితే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ, ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది.