అమెరికా, బ్రిటన్‌లలో కొరియా టీ కొనాలంటే

కొరియా గ్రీన్ టీకి లాస్ ఏంజిలస్‌లోని హాన్‌కుక్ టీ, ఆన్‌లైన్‌లో అమ్మే వాట్-చా, కెనడాలో వాంకూవర్‌లోని ఓ5 టీ చూడండి. కొరియా సరుకుల దుకాణం హెచ్ మార్ట్‌లో దొరికే బోరిచా వేయించిన బార్లీ, యుజాచా నిమ్మజాతి పండు పాకం. రెండూ బాగుంటాయి, కానీ వాటిలో తేయాకు ఉండదు.

కొనేముందు ప్యాకెట్ మీద మూడు చూడాలి: పండిన ప్రాంతం (హాదోంగ్, బోసోంగ్, జేజు), కోసిన సంవత్సరం, గ్రేడు. ఏప్రిల్ 20 లోపు కోసిన లేత చిగురు ఉజోన్ గ్రేడు, ఖరీదెక్కువ. మే మొదటివారం దాకా కోసేది సేజాక్. మొదటిసారికి సేజాకే మేలు: రుచి నిండుగా ఉంటుంది, చెయ్యి తప్పినా నష్టం తక్కువ. సంవత్సరం రాయని గ్రీన్ టీ వద్దు, పాతదైతే ఎండుగడ్డి వాసనొస్తుంది. వసంతంలో డిస్కౌంట్‌కి పెట్టేది చాలావరకు నిరుటి పంటే. పులియబెట్టిన బల్హ్యోచా అయితే పాతదైనా ఫర్వాలేదు.

40, 50 గ్రాములకు మించి కొనకండి, తెరిచాక నెలా రెండు నెలల్లో తాగేయాలి. 3 గ్రాములకు 150 మి.లీ. నీళ్లు, 70 డిగ్రీలు, నిమిషంన్నర. మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది. పాలు, పంచదార వద్దే వద్దు.