పని సాగే గంటలేవో వారం రోజులు గుర్తు పెట్టి చూడండి

పొద్దున్నుంచీ సిస్టమ్ ముందే కూర్చుంటాం, సాయంత్రానికి ఒక్క పనీ తెమలదు. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గరే జీఎస్టీ లెక్కలు చూసుకునే నాకు రోజూ ఇదే గోల.

ఒక పాత డైరీ తీసి వారం పాటు గంటకోసారి పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. పని సాగితే టిక్కు, లేకపోతే సున్నా. అంతే. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా అన్నీ టిక్కులే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, ఆవకాయన్నం తిన్నాక, గుంటూరు ఎండలో, వరసగా సున్నాలు. బిల్లులు సరిచూసే తలనొప్పి పని ఇన్నాళ్లూ సరిగ్గా ఆ రెండు గంటల్లోనే పెట్టుకున్నాను! ఇప్పుడు అది తెల్లవారుజాముకి మార్చేశా. మధ్యాహ్నం స్కానింగులు, ఫోన్లు.

ఇంకోటి. రాత్రి పని ఆపి లేచే ముందు తర్వాత చెయ్యాల్సింది ఒక్క లైను చీటీ మీద రాసి కీబోర్డు కింద పెడతాను. 'మిర్చి కొట్టు, 14వ బిల్లు నుంచి', ఇలా. ఎక్కడ మొదలుపెట్టాలా అనుకుంటూ ఫోన్ చేతిలోకి తీసుకునే అరగంట మిగిలింది.

గుర్తులు మాత్రం ఏ గంటకి ఆ గంటే పెట్టాలి. రాత్రి గుర్తుచేసుకుని పెడితే అన్నీ మంచి గంటల్లాగే కనిపిస్తాయి. నెలవారీ జీఎస్టీ లెక్క దాఖలు చేసే 3బీ రిటర్ను గడువు నెలనెలా 20వ తేదీ కదా, దానికి ముందు వారం ఈ లెక్క పెట్టుకోకండి. భయానికి అర్ధరాత్రి కూడా టిక్కే పడుతుంది.