బండి బొమ్మలు గీద్దాం – 6వ పాఠం: తలుపు చెరిపేశాక

పోయిన పాఠంలో 1965 నాటి డాడ్జ్ ఏ100 పికప్‌ని పక్క నుంచి గీయమన్నాను. దాన్ని ఈసారి డియోరాగా, అంటే అదే పికప్‌ని కోసి మలచిన ఒక ప్రదర్శన బండిగా, మార్చాలన్నది నా ప్లాన్. మీరు పంపిన బొమ్మలు చూశాక కాస్త వెనక్కి వెళ్ళక తప్పడం లేదు. సగం మందికి పైగా ముందు చక్రం దాటాక బానెట్ గీశారు. తప్పు నాదే, గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఏ100కి బానెట్ ఉండదు. ఇంజిన్ రెండు సీట్ల మధ్య పెట్టెలో ఉంటుంది, డ్రైవర్ దాదాపు ముందు చక్రం మీదే కూర్చుంటాడు. వీధిలో టాటా ఏస్ వెళ్తుంటే డ్రైవర్ ఎక్కడ కూర్చున్నాడో, చక్రం ఎక్కడుందో చూడండి, వెంటనే అర్థమవుతుంది.

సరిచేసే పద్ధతి ఇది. రూపాయి బిళ్ళ పెట్టి వెనక చక్రం గీయండి. దాని కేంద్రం నుంచి బిళ్ళని దొర్లించకుండా జరుపుకుంటూ సుమారు మూడున్నర బిళ్ళల దూరంలో ముందు చక్రం కేంద్రం పెట్టండి. అసలు బండిలో ఆ దూరం 90 అంగుళాలు. స్కేలు నేను వాడను, బిళ్ళే వాడతాను. చక్రంతో కొలిస్తే బొమ్మ చిన్నదైనా పెద్దదైనా లెక్క చెడదు.

ఇక డియోరా. డెట్రాయిట్‌లో మైక్, లారీ అలెగ్జాండర్ అనే అన్నదమ్ములు ఈ ఏ100నే కోసి, వంచి, కిందికి దించి దాన్ని తయారుచేశారు. గీసింది హ్యారీ బ్రాడ్లీ. 1967లో డెట్రాయిట్ ఆటోరామా అనే మార్పుచేసిన బండ్ల ప్రదర్శనలో, అక్కడి పెద్ద బహుమతి రిడ్లర్ అవార్డు వచ్చింది. రంగు బంగారు రంగు. రంగు సంగతి ఇప్పుడే వద్దు, గీత కుదరని బొమ్మకి రంగు వేస్తే తప్పు ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

కొందరు తొందరపడి డియోరా కూడా గీసి పంపారు. చాలామంది పడిన గుంట ఒకటే, దాని గురించి ఈసారి విసుగు రాకుండా చదవండి. డియోరాకి పక్కన తలుపులు లేవని విని, తలుపు గీత చెరిపేశారు. ఒకరు గీత చెరిపి పిడి వదిలేశారు. ఒకరు పిడి తీసేసి కిటికీ అద్దం దించే గీత ఉంచారు. ఇంకొకరు అన్నీ శుభ్రంగా తుడిచేశారు, బొమ్మ చూడ్డానికి బాగుంది. కానీ లోపలికి ఎలా ఎక్కాలో ఆయన బొమ్మలో ఎక్కడా లేదు. తలుపు చెరిపినప్పుడు అది చేసే పనిని ఇంకోచోట అప్పగించాలి. అది జరగనంతవరకు మీరు గీసింది మూత లేని డబ్బా.

బ్రాడ్లీ ఆ పనిని బండి ముఖానికి అప్పగించాడు. ముందు అద్దం పైకి లేస్తుంది, దాని కింది పలక తప్పుకుంటుంది, మనిషి బండి ముందు నుంచే లోపలికి అడుగుపెడతాడు. ఆ అద్దం ఎక్కడిదో తెలుసా? 1960 ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్ వెనక అద్దం! వెనక్కి వాలి ఉండాల్సిన గాజుని తెచ్చి ముందు పెట్టారు, అందుకే ముఖం అంత ఏటవాలుగా వచ్చింది. మీలో చాలామంది అద్దాన్ని గోడలా నిలబెట్టారు. అది నిలబడితే పైకి లేచినా తల దూరడానికి చోటు మిగలదు.

ఇక్కడే ఇంకో చిక్కు. ముందు నుంచి ఎక్కితే స్టీరింగ్ అడ్డొస్తుంది కదా? డియోరాలో అది పక్కకి తప్పుకునేలా చేశారు. పైకప్పు దించారు కాబట్టి ఇంజిన్ పెట్టె కూడా సీట్ల మధ్య ఉండలేక వెనక్కి జరిగింది, తొట్టి మూత కింద దాక్కుంది. ఒక తలుపు గీత తీసేస్తే అద్దం, స్టీరింగ్ కదిలాయి. కప్పు గీత దించితే ఇంజినే కదిలింది. నేను డియోరాని పాఠంగా ఎంచుకున్నది ఇందుకే.

1968లో హాట్ వీల్స్ అనే చిన్న బొమ్మ కార్లలో మొదటి 16 వచ్చినప్పుడు వాటిలో డియోరా కూడా ఉంది. అంతకుముందే బ్రాడ్లీ వాటిని చేసే మాటెల్ కంపెనీలో చేరి, ఆ మొదటి కార్లలో చాలావాటికి డిజైన్లు గీశాడు. అరచేతిలో పట్టే ఆ బొమ్మకి వెనక రెండు సర్ఫ్ బోర్డులు గుచ్చి ఉంటాయి. అంత చిన్నదైనా పక్క నుంచి చూస్తే ఏ బండో తెలిసిపోతుంది. ముక్కు దగ్గర మొదలైన గీత కప్పు మీదుగా తొట్టి దాకా తెగకుండా సాగడం వల్లే. 2000లో డియోరా 2 పేరుతో కొత్త బొమ్మ చేసినప్పుడు కూడా ఆ ఏటవాలు ముఖాన్ని వదల్లేదు.

గీసేటప్పుడు ఆ గీతని ఒక్క ఊపులో లాగండి. మణికట్టు కాదు, భుజం కదలాలి. నేను 2బి పెన్సిల్‌తో, రబ్బరు పక్క గదిలో పెట్టి గీస్తాను.

అభ్యాసం: టాటా ఏస్‌ని పక్క నుంచి గీసి, రెండు తలుపులూ తీసేయండి. డ్రైవర్ ఎక్కడానికి కొత్త దారి మీరే కనిపెట్టండి, ముందు నుంచి మాత్రం కాదు. మూసిన బండి, సగం తెరిచిన బండి, ఒక కాలు లోపల ఒక కాలు నేల మీద ఉన్న డ్రైవర్, సీట్లో కూర్చున్న డ్రైవర్ – నాలుగు బొమ్మలూ ఒకే కొలతలో ఉండాలి. మూడో బొమ్మ లేకుండా పంపితే మిగతా మూడూ దిద్దను. కష్టంగా ఉంటే అట్టతో చిన్న క్యాబిన్ కత్తిరించి, అందులోకి ఒక అగ్గిపుల్ల మనిషిని దూర్చి చూడండి, ఎక్కడ తల తగులుతోందో అక్కడ గీత మార్చండి.