డ్రైవర్ లేని రైలు ఎక్కడానికి జంకేవారికి నచ్చజెప్పడం ఎలా

ఢిల్లీ మెట్రో మెజెంటా లైనులో డ్రైవర్ రహిత రైళ్లు 2020 డిసెంబరు 28న మొదలయ్యాయి. మరుసటి ఏడాది నవంబరులో పింక్ లైనుకు కూడా ఆ ఏర్పాటు వచ్చింది. ఇన్నేళ్లయినా, మన ఊళ్ల నుంచి ఢిల్లీ వెళ్లే పెద్దవాళ్లలో చాలామందికి ఆ సంగతి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాకే తెలుస్తుంది. హౌజ్ ఖాస్‌లో లైను మారి విమానాశ్రయానికి వెళ్లాల్సిన మా మేనత్త, రైలు ముందుభాగంలో ఎవరూ లేరని గమనించి, "నడిపేవాడు లేని బండి నేనెక్కను నాయనా, ఆటో పిలు" అని సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది. ఆ రోజు రెండు రైళ్లు వదిలేసి ఆమెకు నచ్చజెప్పవలసి వచ్చింది కాబట్టి, ఏ మాట పనిచేస్తుందో, ఏది బెడిసికొడుతుందో కొంత అనుభవం మీద చెబుతున్నాను.

ముందుగా, అవతలివారి జంకు ఏ రకానిదో అడిగి తెలుసుకోవాలి. రైలు దేన్నో ఢీకొంటుందన్న భయం వేరు, సొరంగంలో ఆగిపోతే పలికే దిక్కు ఉండదన్న భయం వేరు. కొందరిది అసలు భయమే కాదు, ఒక మనిషి జీతం పోయిందన్న బాధ. ఒకదానికి చెప్పాల్సిన జవాబు మరొకదానికి చెబితే, మనం మాట దాటేస్తున్నామని వాళ్లు ఇట్టే పసిగడతారు.

ఢీకొంటుందని భయపడేవారితో "కంప్యూటర్ తప్పు చేయదు" అని మాత్రం అనకండి, ఎందుకంటే అది నిజం కాదు. జపాన్‌లోని ఒసాకాలో 1993 అక్టోబరులో డ్రైవర్ లేని రైలు చివరి స్టేషనులో ఆగకుండా దూసుకెళ్లి రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. యొకొహామాలో 2019 జూన్ 1న, ఒక తీగ తెగినందువల్ల దిశ మార్చుకోమన్న ఆదేశం మోటార్లకు చేరక, రైలు వెనక్కి నడిచి పట్టాల చివరనున్న అడ్డును గుద్దుకుంది; పదిమందికి పైగా గాయపడ్డారు. ఇవి దాచి పెట్టి ధైర్యం చెబితే, రేపు ఏ వీడియోలోనో వాటిని చూసిన పెద్దావిడ మన మాట ఇక నమ్మదు. అయితే ఇంకో సంఘటన కూడా వెంటనే చెప్పాలి. 2017 డిసెంబరులో మెజెంటా లైను ఇంకా ప్రారంభం కాకముందే, కాళిందీ కుంజ్ డిపోలో ఒక రైలు గోడను బద్దలు కొట్టుకుని బయటికి వచ్చింది. చూసినవాళ్లంతా డ్రైవర్ లేకపోబట్టే ఇలా జరిగిందన్నారు గానీ, బ్రేకులు సరిచూసుకోకుండా రైలును కదిలించిన సిబ్బంది పొరపాటే కారణమని మెట్రో సంస్థ తేల్చింది. పొరపాటు మనిషి వల్లా జరుగుతుంది, యంత్రం వల్లా జరుగుతుంది. జరిగినప్పుడు రైలు ఏం చేసేలా కట్టారన్నదే చూసుకోవాలి.

ఆ ఏర్పాటును రెండు మాటల్లో ఇలా వివరించవచ్చు. ఈ లైన్లలో సీబీటీసీ అనే సిగ్నలింగ్ పద్ధతి వాడుతున్నారు. రైలు తానెక్కడ ఉన్నదీ రేడియో ద్వారా ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది, ఎంత దూరం వరకు వెళ్లవచ్చో అవతలి నుంచి అనుమతి అందుతూ ఉంటుంది, ఆ సంభాషణ తెగిపోతే రైలు బ్రేకు వేసుకుని ఆగిపోతుంది. హైదరాబాదు వారికైతే మరీ తేలిక. మన మెట్రోలోనూ ఉన్నది సీబీటీసీయే. క్యాబిన్‌లో లోకో పైలట్ కూర్చుని ఉన్నా, మామూలుగా రెండు స్టేషన్ల మధ్య రైలు వేగం పెంచేదీ తగ్గించేదీ ఆపేదీ యంత్రమే. తలుపుల సంగతి, బయలుదేరే సంగతి, ఆపద వచ్చినప్పటి సంగతి ఆయన చూసుకుంటారు. "అమీర్‌పేట నుంచి నాగోలుకు ఇన్నాళ్లూ నువ్వు వెళ్లింది ఇలాగే అత్తయ్యా" అన్నప్పుడు ఆమె ముఖంలో మొదటిసారి మార్పు కనిపించింది. కొంచెం కోపం కూడా కనిపించిందనుకోండి, ఇంతకాలం తనకెవరూ చెప్పలేదని.

దిక్కు ఉండదన్న భయానికి వివరణ చాలదు, చూపించాలి. రైలెక్కగానే తలుపు పక్కనున్న అత్యవసర బటన్ దగ్గరికి తీసుకెళ్లి, ఏ పరిస్థితిలో నొక్కాలో, నొక్కితే అవతల కంట్రోల్ గదిలోని మనిషి పలుకుతారనీ, బోగీలోని కెమెరాల్లో ఏం జరుగుతోందో చూడగలరనీ చెప్పండి. ఊరికే నొక్కి చూడవద్దని కూడా చెప్పండి. మా అత్తయ్య చెయ్యి అప్పటికే బటన్ మీదికి వెళ్లింది. డ్రైవర్ లేకపోవడమూ మనిషి లేకపోవడమూ ఒకటి కాదు. లండన్‌లోని డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వే 1987 నుంచి డ్రైవర్ క్యాబిన్ లేకుండా నడుస్తున్నా, ప్రతి రైలులోనూ ఒక ఉద్యోగి తిరుగుతూ ఉంటారు, అవసరమైతే ఆయనే నడపగలరు. ఢిల్లీలోనూ మొదట్లో రైలులో ఉద్యోగిని ఉంచారు. నన్నడిగితే, ప్రయాణికులు పోట్లాడి సాధించుకోవలసింది ముందున్న క్యాబిన్‌లోని మనిషిని కాదు, బోగీలో కనిపించే మనిషిని.

ఉద్యోగాల గురించి బాధపడేవారిని మాత్రం ఓదార్చబోకండి, వారి మాటలో న్యాయం ఉంది. 1900లో మొదలైన పారిస్ మెట్రో ఒకటో లైనును 2011, 2012 సంవత్సరాల్లో డ్రైవర్ రహితంగా మార్చినప్పుడు, ముందే చర్చలు జరిపి డ్రైవర్లకు వేరే పనులు అప్పగించారు. అది మంచి పద్ధతే. కానీ 2019 డిసెంబరు సమ్మెలో మెట్రో చాలావరకు మూతపడితే, ఒకటో లైనూ, అలాగే డ్రైవర్ లేని పద్నాలుగో లైనూ మాత్రం ఆగలేదు. ఆఫీసుకు వెళ్లేవారు హమ్మయ్య అనుకున్న ఆ దృశ్యమే, కార్మికులకు తమ చేతిలోని ఆయుధం జారిపోయినట్టుగా కనిపించి ఉంటుంది. చెన్నై మెట్రో రెండో దశ కోసం డ్రైవర్ రహిత రైళ్లు మన శ్రీసిటీలోనే తయారవుతున్నాయని చెప్పి కొందరు సరిపెడతారు. ఫ్యాక్టరీలో వచ్చే ఉద్యోగం క్యాబిన్‌లో పోయిన మనిషికే వస్తుందా అని అడిగితే వారి దగ్గర జవాబు ఉండదు.

ఇక మొదటి ప్రయాణానికి రద్దీ లేని వేళ, మధ్యాహ్నం, ఎంచుకోండి. ప్లాట్‌ఫాం అంచున ఉన్న గేట్లకు ఎడంగా నిలబెట్టండి. తలుపులు మూసుకునే సంకేతం మోగాక చీరకొంగు, సంచీ పట్టీ, చిన్నపిల్లల చెయ్యి అడ్డు వెళ్లకుండా చూసుకోమని గట్టిగా చెప్పండి, ఎందుకంటే క్యాబిన్‌లోంచి తొంగిచూసి ఆగేవారు ఇక్కడ లేరు. అడ్డు తగిలితే తలుపు తెరుచుకుంటుందన్న ధీమా మీద పరుగెత్తడం ఏ రైలులోనైనా తప్పే. వెంటనే రైలు ముందుభాగంలోని అద్దం దగ్గరికి లాక్కెళ్లకండి. కాసేపు మధ్య బోగీలో కూర్చోబెట్టి, ఒకటి రెండు స్టేషన్లలో రైలు తలుపుల గీతకు సరిగ్గా వచ్చి ఆగడం చూడనివ్వండి.

మా అత్తయ్య మునిర్కా దాకా కడ్డీ వదల్లేదు. వసంత్ విహార్ దాటాక తనే లేచి ముందుకు నడిచింది. సొరంగం అయిపోయి శంకర్ విహార్ దగ్గర ఎండ లోపలికి పడేసరికి, పట్టాలు కాళ్ల కిందికి వచ్చేస్తున్నట్టున్న ఆ అద్దం ముందు ఇద్దరు పిల్లల మధ్య నిలబడి, "కాస్త జరగండి నాన్నా, నన్నూ చూడనివ్వండి" అంటోంది.