గల్ఫ్ వీసాకు డబ్బు కట్టే ముందు

ఊళ్లోకొచ్చి "వీసా రెడీగా ఉంది" అనే మనిషి చాలాసార్లు సబ్ ఏజెంటే. అతనికి లైసెన్సు ఉండదు. అసలు ఏజెన్సీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఆ లైసెన్సు ఇంకా చెల్లుతోందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. ఏజెన్సీ తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి. భూమి తాకట్టు పెట్టి లక్షలు చేతికివ్వడమే ఎన్నో కుటుంబాలను ముంచుతోంది.

పదో తరగతి పాసవని వాళ్లకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు వస్తుంది. దానిమీద గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి. "ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదుకు ధైర్యం చాలదు.

కాంట్రాక్టులో మొత్తం జీతం కాదు, బేసిక్ (మూల వేతనం) ఎంతో చూడాలి. దుబాయ్‌లో 1,200 దిర్హాములని చెప్పి, కాగితంలో బేసిక్ 800, మిగతాది అలవెన్సులని రాశారనుకోండి. ఓవర్‌టైమ్, చివర్లో వచ్చే గ్రాట్యుటీ 800 మీదే లెక్కగడతారు. తిండి, గది, తిరుగు టికెట్ ఎవరివో కూడా రాసి ఉండాలి.

విదేశాల్లో పనికి వెళ్లేవాళ్ల కోసం ఉన్న ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. ఆ పాలసీ, పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచి, ఫోనులోనూ ఫొటోలు తీసుకోండి. అక్కడ యజమాని పాస్‌పోర్టు లాక్కుంటే, రాయబార కార్యాలయంలో చూపించడానికి చేతిలో మిగిలేవి ఇవే.