బ్రిస్బేన్‌లో కార్మికుల చెక్క ఇల్లు: విలువ ఎక్కడ వెతకాలి

స్తంభాల మీద నిలబడ్డ పాత చెక్క ఇల్లు కనబడగానే చూపు వరండా నగిషీ మీదకు పోతుంది. కార్మికుల ఇంటికి ఆ లెక్క పనికిరాదు. ఎంత కొద్ది కలపతో దాన్ని నిలబెట్టారు, అందులో ఇప్పటికి ఎంత మిగిలింది అన్నదే చూడాలి.

ముందు నగర కౌన్సిల్ ప్రణాళిక పటం తెరవండి. ఇల్లు ‘ట్రెడిషనల్ బిల్డింగ్ క్యారెక్టర్’ ఓవర్‌లేలో, అంటే పాత ఇళ్ల తీరును కాపాడేందుకు పటంలో గుర్తించిన ప్రాంతంలో ఉండి 1946లోగా కట్టినదైతే, పడగొట్టాలంటే అనుమతి కావాలి. హెరిటేజ్ రిజిస్టర్ (వారసత్వ కట్టడాల జాబితా) సంగతి వేరు, అదీ విడిగా చూసుకోండి. కట్టిన ఏడాది మీద అనుమానముంటే 1946 నాటి విమాన ఛాయాచిత్రంలో ఆ కప్పు ఉందేమో వెతకండి.

తర్వాత పాత టైటిల్, అంటే స్థలం యాజమాన్య పత్రం. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం 1909 వర్కర్స్ డ్వెల్లింగ్స్ చట్టం కింద, సొంత స్థలం ఉండి ఏడాదికి 200 పౌండ్ల లోపు సంపాదించేవాళ్లకు ఇంటి అప్పు ఇచ్చింది. ఆ పథకంలో మొదటి ఇల్లు 1910లో నండాలో సర్రే స్ట్రీట్‌లో లేచింది. స్థలం చేతికొచ్చిన కొద్దికాలానికే టైటిల్ మీద ప్రభుత్వ తనఖా పడి ఉంటే, కట్టిన కాలం దాదాపు దొరికినట్టే. వీధుల వారీగా ఇంటివాళ్ల పేర్లుండే పాత పోస్టాఫీసు డైరెక్టరీలూ చూడండి కానీ ఇంటి నంబర్లను నమ్మకండి, అవి మారిపోయాయి. ఇరుగుపొరుగు పేర్లు, అడ్డవీధి పట్టుకుని లెక్కపెట్టుకోవాలి.

ఇక గోడ. అసలు సొగసంతా ఇక్కడే. ఒకే వరస నిలువు పలకలు, మందం ఇరవై రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూ. ఒకదాని నాలుక పక్కదాని గాడిలో దిగుతుంది, కలిసిన చోట ‘వి’ గీత పడుతుంది. స్థానికులు వీజే అనేది వీటినే. చాలా ఇళ్లలో వరండా నీడ ఉన్న గోడకు చట్రం బయటికే కనబడుతుంది, పైన ఇంకో పొర లేదు. నడిమధ్య అడ్డంగా పోయే బెల్ట్ రైల్ పలకల్ని పట్టి ఉంచుతుంది. లోపలి అడ్డగోడలదీ ఒక్క పలక మందమే. దీని మీద జిప్సం బోర్డు కొట్టారంటే విలువను కప్పెట్టినట్టే. గీతల్లో ఫిల్లర్ కూడా వద్దు: ఎండకు, తేమకు కలప కదులుతుంది, ఫిల్లర్ చీలుతుంది.

మూసేసిన వరండాను కనిపెట్టడానికి ఒక గోలీ చాలు. వరండా నేలను వాన నీరు జారిపోయేలా బయటికి వాలుగా వేస్తారు. గదిలో గోలీ వీధివైపు దొర్లి, లోపలి గోడ మీద చట్రం కనబడితే, మీరు నిలబడ్డది పాత వరండాలోనే. మూసిన ఫైబ్రో (నార కలిపిన సిమెంటు) పలకల వెనక అసలు కటకటాలు దొరకొచ్చు. కానీ ఆస్‌బెస్టాస్ పరీక్ష అయ్యేదాకా దానికి మేకు కూడా కొట్టొద్దు. 1970కి ముందటి రంగుల్లో సీసం ఉంటుందనే అనుకోండి: పొడిగా గీకొద్దు, హీట్ గన్ పెట్టొద్దు.

స్తంభాలు నేల మట్టం దగ్గరే పుచ్చుతాయి. చుట్టూ పది పదిహేను సెంటీమీటర్లు తవ్వి స్క్రూడ్రైవర్‌తో పొడవండి. పైన రాయిలా ఉన్నది అక్కడ మెత్తగా దిగిపోవచ్చు. పుచ్చినవి మార్చినంత మాత్రాన విలువ పోదు. స్తంభం తల మీద బోర్లించిన రేకు టోపీని మాత్రం తీసేయకండి. అది చెదల్ని చంపదు. దూలంలోకి చాటుగా ఎక్కనివ్వదంతే, టోపీ అంచు చుట్టి మట్టి గొట్టం కట్టుకుని రావాల్సిందే, అప్పుడు మన కంటబడతాయి. గోడకు ఆనించి మట్టో కట్టెలో పోశారా, వాటికి దొంగదారి ఇచ్చినట్టే.

పలకలు విప్పక తప్పకపోతే ముందు గోడ మొత్తం ఫొటో తీయండి. తర్వాత ఒక్కో పలక వెనక పెన్సిల్‌తో గది, గోడ, వరస నంబరు రాసి, ఇంటి కింద నేలకు తగలకుండా పేర్చండి.