దోషం ఫైలు చివర కనిపిస్తే ‘ఎల్స్’ దగ్గర వెతకండి

లెక్కలకు వాడే ఉచిత ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఆక్టేవ్‌లో షరతులతో రాసిన స్క్రిప్టు నడవకుండా, పార్స్ ఎర్రర్ (కోడు రాసిన తీరులో తప్పు) ఫైలు చివరి వరుస దగ్గర ఉన్నట్టు చూపితే, ఆ వరుసను ఎన్నిసార్లు తిరగరాసినా ప్రయోజనం ఉండదు. ఇఫ్, ఫర్ లాంటి మాటతో తెరిచి ఎండ్‌తో మూయాల్సిన బ్లాకు మూతపడలేదని ఆక్టేవ్‌కు తెలిసేది ఫైలు అయిపోయిన తరువాతే కనుక, అసలు తప్పు చాలా పైన ఉంటుంది. ఇఫ్, ఫర్, వైల్ ఎన్ని ఉన్నాయో, ఎండ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం ఒక నిమిషం పని. ఆ నిమిషం మిగుల్చుకోబోయి పూట పోగొట్టుకునేవారినే నేను ఎక్కువగా చూస్తున్నాను.

లెక్కలో ఒక ఎండ్ తగ్గిందంటే, ముందుగా ‘ఎల్స్ ఇఫ్’ అని విడదీసి రాశారేమో వెతకండి. కలిపి రాసిన ‘ఎల్స్‌ఇఫ్’ అదే బ్లాకులో మరో షరతు; విడదీస్తే ఎల్స్ లోపల కొత్త ఇఫ్ తెరుచుకుని తనకంటూ ఒక ఎండ్ అడుగుతుంది. ఆక్టేవ్‌ను పోలిన మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే నియమం. కలిపి రాయడమే దీనికి పరిష్కారం.

ఫైలు అడుగున ఒక ఎండ్ చేర్చినా దోషం పోతుంది, కానీ ప్రమాదం అక్కడే ఉంది. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల చెరువు సెలినిటీని (నీటి ఉప్పదనాన్ని) 10 పీపీటీ (వెయ్యి భాగాల్లో పది) లోపు, 25 లోపు, ఆపైన అని మూడు తరగతులు చేసి, చివర గ్రాఫు గీసే స్క్రిప్టులో నేను ఆ పనే చేశాను. మొదటి ఎండ్ లోపలి ఇఫ్‌ను మాత్రమే మూసినందువల్ల, గ్రాఫు గీసే వరుసలన్నీ బయటి ఎల్స్ లోపల చిక్కుకున్నాయి. వేసవి అంతా రీడింగులు 10కి పైనే ఉండడంతో గ్రాఫు చక్కగా వచ్చింది. మన నెల్లూరు జిల్లాకు అసలు వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలు వచ్చి సెలినిటీ 10 లోపుకు దిగిన రోజు గ్రాఫు రాలేదు, దోషమూ చూపలేదు. నేను రెండు రోజులు డేటా ఫైలును అనుమానించాను.

ఫర్ లూపు లోపల షరతులు ఉంటే ‘ఎండ్‌ఇఫ్’, ‘ఎండ్‌ఫర్’ అని విడివిడిగా రాయండి. పొంతన తప్పిన చోటే ఆక్టేవ్ ఆగిపోతుంది. అయితే ఈ మాటలను మ్యాట్‌ల్యాబ్ ఒప్పుకోదు కాబట్టి, మ్యాట్‌ల్యాబ్ ఉన్న కాలేజీ ల్యాబులో నడపాల్సిన ఫైలుకు ఎండ్ ఒక్కటే వాడాలి.

షరతులో రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెడితే మ్యాట్‌ల్యాబ్ దోషం చూపుతుంది, ఆక్టేవ్ హెచ్చరించి ముందుకు పోతుంది. వాట్సాప్ నుంచి కాపీ చేసిన కోడులో వంకర కొటేషన్ గుర్తులు రావచ్చు. వస్తే చెరిపి మళ్లీ టైపు చేస్తే చాలు.